అటకెక్కిన క్రిస్మస్ లేసు నక్షత్రాలు: ఈ డిసెంబరుకైనా పూర్తి చేయడం ఎలా?

క్రిస్మస్ చెట్టుకు క్రోషేతో, అంటే కొక్కెం సూదితో, తెల్లటి లేసు నక్షత్రాలు అల్లుదామని ఎప్పుడో మొదలుపెట్టి, కొన్ని అల్లి, మిగతావి వచ్చే ఏడాది చూద్దాంలే అని కవర్లో చుట్టి బీరువా మీద పెట్టేసిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నవంబరు రాగానే ఆ కవరు గుర్తొస్తుంది. తీద్దామనుకునేలోపు సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి, పిల్లలు కేరల్స్‌కి రాత్రిళ్లు తిరుగుతుంటారు, అరిసెలకి బియ్యం నానబోయాలి, ఇల్లంతా దులపాలి, ఇక ఆ ఏడాదికి అంతే.

ఇలా ఆగిపోయిన పనుల్ని తీసి చూస్తే నాకు ప్రతిసారీ కనబడేది ఒకటే. అల్లిక దగ్గర ఆగినవాళ్లు తక్కువ. అల్లడం హాయిగా ఉంటుంది, చెయ్యి అలవాటైతే టీవీ చూస్తూ కూడా సాగిపోతుంది. చాలామంది ఆగేది అల్లిక అయ్యాక ఉండే పని దగ్గర: దారం కొసలు దాచడం, ఉతకడం, గంజి పెట్టడం, పిన్నులు గుచ్చి ఆరబెట్టడం, వేలాడదీయడానికి దారం కట్టడం. అవన్నీ చివర్లో ఒకేసారి చేద్దామని పక్కన పెడతారు, ఆ చివర రాదు.

నరసాపురం లేసు గురించి వినే ఉంటారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టా ఆడవాళ్లకు అబ్బిన ఈ అల్లిక అక్కడే వేళ్లూనుకుని, విదేశాలకు ఎగుమతై, 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా తెచ్చుకుంది. అక్కడ పని ఎలా పంచుకుంటారో చూస్తే మన సమస్యకి జవాబు దొరుకుతుంది. పువ్వులు అల్లే చేతులు వేరు, వాటిని కలిపి కుట్టే అతుకు పని చేతులు వేరు, ఆ తర్వాత ఉతికి ఇస్త్రీ చేసి మడత పెట్టేవాళ్లు వేరు. అంటే తయారీలో చివరి పనులు వాటికవే ఒక పని, వాటికి వేరే టైం, వేరే చోటు, వేరే ఓపిక కావాలి. ఇంట్లో అన్నీ మనమే చేస్తాం కాబట్టి దాన్ని అల్లికకి తోకలా చూసి వదిలేస్తాం. అందుకే నేను చెప్పే పద్ధతి తిరగేసి ఉంటుంది: ముందు చివరి పని, తర్వాత అల్లిక.

ముందు కవరు విప్పి లెక్క చూడండి

మంచం మీద పాత తెల్ల దుప్పటి పరిచి అన్నీ బయట పోయండి. మూడు కుప్పలు చేయండి: పూర్తిగా అయిపోయినవి, అల్లిక అయి దారం కొసలు వేలాడుతున్నవి, సగంలో ఉన్నవి. పక్కనే మిగిలిన దారం ఉండలు, వాటి లేబుళ్లు, అల్లిక సూది, నమూనా కాగితం ఉంటే అది. సూది కవర్లో లేకపోతే ఇప్పుడే ఇల్లంతా వెతుక్కుంటూ కూర్చోకండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు ఎన్ని కావాలో మళ్లీ నిర్ణయించుకోండి. మొదలుపెట్టినప్పుడు ఉత్సాహంలో యాభై అనుకుని ఉంటారు. మూడడుగుల చెట్టుకి చిన్న నక్షత్రాలు డజను నుంచి పదిహేను దాకా ఉంటే నిండుగానే కనబడతాయి, మిగతా చోట గంటలు, సీరియల్ లైట్లు ఎలాగూ ఉంటాయి. మీ దగ్గర తొమ్మిదే తయారుగా ఉన్నాయనుకోండి, చెట్టు ఆలోచన మానేసి ఆ తొమ్మిదింటితో వీధి గుమ్మానికి తోరణం కట్టేయండి. మామిడాకుల తోరణం కట్టినట్టే దారానికి సమాన దూరంలో కట్టుకుంటూ పోవడమే. ఏడు ఉంటే ఏడు. లెక్క తగ్గించడం ఓడిపోవడం కాదని నేను గట్టిగా నమ్ముతాను, గుమ్మానికి వేలాడే తొమ్మిది నక్షత్రాలు బీరువా మీదున్న యాభైకంటే ఎప్పుడూ ఎక్కువే.

ఇంకో మాట. ఈ కవరు మీది కాకుండా అమ్మదో, నాయనమ్మదో, మేనత్తదో అయితే సగంలో ఉన్నవాటిని విప్పి మళ్లీ అల్లకండి. ఆ బిగువు ఆ చేతిది, మీకు రాదు, రానక్కర్లేదు. వాళ్లు ఎక్కడ ఆపారో అక్కడ కొస దాచేసి, ఉతికి, గంజి పెట్టి, అలాగే చెట్టు పైకొమ్మకి కట్టండి. మూడు మొనలే ఉన్న నక్షత్రమైనా సరే.

దారం కొసలు దాచడం

ఇదే మొదటి అసలు పని. రెండో కుప్పలోవన్నీ తీసుకోండి. మొన మొద్దుగా ఉండే కుట్టు సూది కావాలి, క్రాస్ స్టిచ్‌కి వాడేది బాగుంటుంది, వాడి మొన ఉన్న సూదైతే దారాన్ని చీల్చుకుంటూ పోతుంది. కొసని సూదికి ఎక్కించి నక్షత్రం వెనకవైపు కుట్ల కింద నుంచి సుమారు మూడు సెంటీమీటర్లు ఒకే దిక్కుగా తీసుకెళ్లండి, తర్వాత చివరి కుట్టుని దాటి వెనక్కి తిరిగి కొద్దిగా అదే దారిలో రండి, మెల్లిగా లాగి దగ్గరగా కత్తిరించండి. వెనక్కి తిప్పకపోతే ఉతికినప్పుడు కొస జారి బయటకు వస్తుంది. ముడి వేసి కత్తిరించేస్తే పని తేలిక అనిపిస్తుంది కానీ గంజి పెట్టాక ఆ ముడి రాగి గింజలా గట్టిపడి ముందు నుంచి కూడా కనబడుతుంది, పైగా వెలుగు ముందు పెడితే ఇంకా బాగా తెలుస్తుంది.

పాత ముక్కల్లో కొసలు మరీ పొట్టిగా కత్తిరించి ఉంటాయి, సూదికి ఎక్కించి కుట్టడానికి చాలవు. అప్పుడు ముందు ఖాళీ సూదినే కుట్ల కిందుగా దూర్చండి, సూది కన్ను ఆ పొట్టి కొస పక్కకు వచ్చేదాకా తోసి అక్కడ ఆపండి, ఇప్పుడు కొసని కన్నులోకి ఎక్కించి సూదిని లాగేయండి. రెండు సెంటీమీటర్ల కొస కూడా ఇలా లోపలికి పోతుంది.

ఒకే సాయంత్రం అన్నీ దాచాలని కూర్చుంటే కళ్లు లాగుతాయి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, నాలుగైదు చొప్పున చేయండి. ఈ కుప్ప అయిపోయాక కొత్తగా అల్లే ప్రతి నక్షత్రానికీ అల్లిక సూదిలోంచి తీసిన వెంటనే కొసలు దాచేయడం నియమంగా పెట్టుకోండి. తర్వాత చేద్దామని ఒక్కటి కూడా పక్కన పెట్టొద్దు.

సగంలో ఉన్నవి, కొత్తగా అల్లాల్సినవి

పాతవాటికీ కొత్తవాటికీ సైజు కలవకపోవడం అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. కారణాలు మూడు ఉంటాయి. మొదటిది దారం నంబరు: లేబుల్ మీద 10, 20, 40 అని ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 20 నంబరు దారానికి సాధారణంగా 1.25 మిల్లీమీటర్ల స్టీలు సూది, 10 నంబరుకి 1.5 సరిపోతాయి. సూది పోయినా, దాని మీద అంకె అరిగిపోయినా ఈ లెక్కతో ఒకటి కొని, ఒక్క నక్షత్రం అల్లి పాతదాని మీద పెట్టి చూడండి. కొత్తది పెద్దగా వస్తే ఒక సైజు చిన్న సూది, చిన్నగా వస్తే ఒక సైజు పెద్ద సూది. రెండో కారణం చెయ్యి: ఏళ్ల తర్వాత సూది పట్టుకుంటే మొదట్లో బిగించి అల్లుతాం, మొదటి ఒకటి రెండు నక్షత్రాలు చెయ్యి కుదరడానికే అనుకుని వాటిని లెక్కలో వేసుకోకండి.

మూడోది చాలామందికి తట్టదు. అమెరికా నమూనాల్లో సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటిష్ నమూనాల్లో డబుల్ అంటారు, అమెరికా డబుల్ బ్రిటిష్ వాళ్లకు ట్రెబుల్. అప్పట్లో ఏదో పాత పుస్తకం చూసి మొదలుపెట్టి, ఇప్పుడు యూట్యూబ్ చూసి కొనసాగిస్తే అదే మాటకి వేరే కుట్టు పడుతుంది, నక్షత్రం పొట్టిదైపోవడమో పొడుగైపోవడమో జరుగుతుంది. నమూనా ఎక్కడిదో చూసుకున్నాకే మొదలుపెట్టండి.

నమూనా కాగితమే పోయిందా? ఇదిగో అయిదు మొనల చిన్న నక్షత్రం, పేర్లన్నీ అమెరికా పద్ధతిలో చెబుతున్నాను. 5 చైన్లు వేసి మొదటిదానికి స్లిప్ స్టిచ్‌తో కలిపి రింగు చేయండి. 3 చైన్లు వేయండి, ఇది మొదటి డబుల్ కింద లెక్క, ఆ రింగులోనే ఇంకో 14 డబుల్‌లు వేసి మొదటి 3 చైన్ల పైభాగానికి కలపండి, మొత్తం 15 వచ్చాయో లేదో లెక్కపెట్టుకోండి. ఇప్పుడు మొన: 6 చైన్లు వేసి, సూది నుంచి రెండో చైన్‌లో స్లిప్ స్టిచ్, దాని తర్వాతి చైన్‌లో సింగిల్, తర్వాత హాఫ్ డబుల్, తర్వాత డబుల్, చివరి చైన్‌లో ట్రెబుల్. అలా కొస దగ్గర సన్నగా, కింద వెడల్పుగా మొన తయారవుతుంది. రింగు మీద రెండు కుట్లు వదిలి మూడోదాంట్లో స్లిప్ స్టిచ్ వేసి ఆ మొనని అక్కడ బిగించండి. ఇలాగే ఇంకో నాలుగు మొనలు, చివరిది మొదలుపెట్టిన చోటికే వచ్చి కలుస్తుంది. కలవలేదంటే 15 కుట్లలో ఎక్కడో లెక్క తప్పిందన్నమాట, ఆ ఒక్క వరస విప్పి సరిచేసుకోండి. సూదిలోంచి తీసినప్పుడు మొనలు కాస్త మెలితిరిగి చూడ్డానికి ఏం బాగోదు, కంగారు పడకండి, గంజి పెట్టి గుచ్చితేనే దానికి ఆకారం వస్తుంది.

మీరే అల్లుతూ సగంలో ఆపిన పాత నక్షత్రంలో ఎక్కడున్నామో అర్థం కాకపోతే ఎక్కువ ఆలోచించకుండా పూర్తయిన వరస దాకా విప్పేసి అక్కడి నుంచి అల్లండి. విప్పిన దారం చింపిరిగా లేచి ఉంటే దాన్ని వాడొద్దు, కొత్తది అందుకోండి.

రోజులో ఎంతసేపు?

ఒక నక్షత్రం మొదలు నుంచి కొసలు దాచేదాకా ఎంతసేపు పడుతోందో ఫోన్లో టైం చూసుకోండి. నలభై నిమిషాలు అనుకుందాం. ఇంకా పదిహేను కావాలంటే పది గంటల పని. రోజుకి అరగంట చొప్పున ఇరవై రోజులు. డిసెంబరు 1న మొదలుపెడితే 20కి అల్లిక అవుతుంది, ఉతకడానికి, గంజికి, ఆరడానికి రెండు మూడు రోజులు, 24 రాత్రి ఆరాధనకి వెళ్లేలోపు చెట్టు మీద ఉంటాయి. ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. లెక్క కుదరకపోతే నక్షత్రాల సంఖ్య తగ్గించండి, నిద్ర తగ్గించుకోకండి.

చెట్టు ముందే పెట్టే అలవాటున్న ఇళ్లలో క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలం (అడ్వెంట్) మొదలైన ఆదివారానికే కావాలనుకుంటారు, అది క్రిస్మస్‌కి ముందు నాలుగో ఆదివారం, నవంబరు 27కి డిసెంబరు 3కి మధ్య వస్తుంది. అలాగైతే దసరా సెలవుల్లోనే కవరు దించాలి.

ఎవరైనా సాయం చేస్తామంటే అల్లిక వాళ్లకివ్వకండి. చెయ్యి మారితే బిగువు మారుతుంది, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. కొసలు దాచడం, పిన్నులు గుచ్చడం, దారాలు కట్టడం పంచండి, అవి ఎవరు చేసినా ఒకేలా ఉంటాయి. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లతో ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే ఒక్క పూటలో తేలిపోతుంది, పదేళ్లు దాటిన పిల్లలకి కూడా పిన్నులు గుచ్చే పని చాలా ఇష్టం.

ఉతకడం

పాతవీ కొత్తవీ కలిపి ఒకేసారి ఉతకండి, రంగు దగ్గర దగ్గరగా వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ఘాటు తక్కువున్న సబ్బు పొడి వేసి గంట నానబెట్టి, చేత్తో మెల్లగా నొక్కి, రెండు మూడు నీళ్లలో జాడించండి, పిండొద్దు, తువ్వాలులో చుట్టి అదమండి. బ్లీచింగ్ జోలికి పోకండి, సన్నటి నూలు దారం బలహీనపడుతుంది. పాత పిన్ను వల్ల తుప్పు మరక పడి ఉంటే ఆ చోట నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో ఉంచి బాగా కడగండి. ఎర్ర దారం కలిపి అల్లినవి ఉంటే ముందు తడి తెల్లగుడ్డతో అద్ది చూడండి, రంగు అంటితే వాటిని విడిగా చల్లటి నీళ్లలో ఉతకాలి.

అయినా పాతవి కాస్త మీగడ రంగులోనే ఉంటాయి. వాటిని ఒక పక్కకి నెట్టకుండా కొత్త తెల్లవాటితో ఒకటి విడిచి ఒకటి కట్టండి, కావాలని చేసినట్టు అందంగా ఉంటుంది.

గంజి, పిన్నులు

ఇక్కడ తొందర పనికిరాదు. గంజి విషయంలో నా ఓటు సగ్గుబియ్యానికే. రెండు టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం రెండు గ్లాసుల నీళ్లలో అరగంట నానబెట్టి, అడుగంటకుండా కలుపుతూ గింజ పూర్తిగా కరిగి పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి, పలచటి గుడ్డలో వడగట్టండి. చీరలకి పెట్టేదానికంటే చిక్కగా ఉండాలి, వేలు ముంచి తీస్తే వేలికి సన్నటి పొరలా పట్టాలి. అన్నం వార్చిన గంజి కూడా వాడొచ్చు కానీ మొనలు అంత నిటారుగా నిలబడవు. చక్కెర పాకంతో గట్టిపరిచే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది, మన దగ్గర చీమలు వదలవు. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి ముంచితే రాయిలా గట్టిపడతాయి, అయితే తర్వాత ఉతకడం కుదరదు, వచ్చే ఏడాది మళ్లీ తాజాగా చేసుకోవాలంటే దారి ఉండదు. అందుకే నాకు అది నచ్చదు.

గంజి చల్లారేలోపు బల్ల సిద్ధం చేసుకోండి. ఒక థర్మాకోల్ షీటు, దాని మీద తెల్ల కాగితం, కాగితం మీద పెన్సిలుతో వృత్తం గీసి పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినితో 72 డిగ్రీలకొకటి చొప్పున అయిదు గుర్తులు. పెన్ను, స్కెచ్ పెన్ వద్దు, తడికి ఆ సిరా నక్షత్రానికి పాకుతుంది. కాగితం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు పరిచి బిగించండి. పిన్నులు తుప్పు పట్టనివే అయి ఉండాలి, ఇందులో మాత్రం పొదుపు చేయకండి, మామూలు గుండుసూదులు ఒక్క రాత్రి తడిలో ఉంటే ప్రతి మొనకీ గోధుమ రంగు చుక్క మిగులుస్తాయి.

నక్షత్రాన్ని గంజిలో ముంచి, రెండు వేళ్ల మధ్య నొక్కి ఎక్కువైంది తీసేసి, వెనకవైపు పైకి వచ్చేలా కాగితం మీద పెట్టండి. ముందు నడి రింగులో ఒక పిన్ను. తర్వాత అయిదు మొనల్ని ఒక్కోటి లాగి గుర్తు మీదకి తెచ్చి గుచ్చండి, వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి గుచ్చుకుంటూ పోతే ఒక పక్కకి ఈడ్చుకుపోదు. ఆఖరున మొనకీ మొనకీ మధ్య ఉన్న లోయల్లో అయిదు పిన్నులు, ఇవి వేయకపోతే నక్షత్రం పువ్వులా గుండ్రంగా ఎండుతుంది. ఇప్పుడు వంగి దగ్గరగా చూడండి: కుట్ల మధ్య కన్నాల్లో గంజి సన్నటి పొరలా నిలబడి ఉంటుంది. నోటితో ఊదండి, పోనివాటిని పిన్ను కొనతో పొడవండి. అలాగే వదిలేస్తే ఆరాక అద్దం ముక్కల్లా మెరుస్తూ లేసు అందమంతా చెడగొడతాయి.

ఫ్యాను గాలికి ఒక రాత్రి వదిలేయండి. కోస్తాలో మబ్బు పట్టిన రోజైతే ఇంకో పూట పట్టొచ్చు. పైన ఆరినట్టు అనిపించినా నడి రింగు దగ్గర వేలితో తాకి చూసి, చల్లగా తగలకపోతేనే పిన్నులు తీయండి.

కట్టడం

ఒక మొన కొసలో దారం దూర్చి అరచేయి పొడుగు లూపు వేస్తే చాలు. దుకాణంలో కొన్న ప్లాస్టిక్ చెట్టైతే లూపు కొమ్మకి తగిలించేయొచ్చు. సర్వి కొమ్మ తెచ్చి చెట్టుగా నిలబెట్టే ఇళ్లలో ఆ సన్నటి ఆకుల మీద లూపు నిలవదు, జారిపోతుంది, గట్టి పుల్ల చూసి ముడి వేసి కట్టాలి. మీగడ రంగు పాతవి లోపలి వైపు, లైట్లకి దగ్గరగా కట్టండి, పసుపు వెలుగులో అవి కొత్తవాటికంటే బాగుంటాయి. గుమ్మం తోరణానికైతే ఒక్కో నక్షత్రాన్ని రెండు మొనల దగ్గర కట్టాలి, ఒకే చోట కడితే గాలికి తిరిగి వెనకవైపు కనబడుతుంది.

పండగ అయ్యాక

జనవరి 6న జ్ఞానుల పండగ దాకా ఉంచి దించేవాళ్లు ఉన్నారు, సంక్రాంతి సర్దుళ్లలో తీసేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడు తీసినా గంజితో అలాగే పెట్టెలో పెట్టకండి, ఆ పిండి కోసం పురుగులు చేరి దారం కొరికేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి గంజి వదిలించి, ఆరబెట్టి, పాత నూలు చీర ముక్కలో వరసలుగా చుట్టి గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. మళ్లీ డిసెంబరులో గంజి పెట్టడం ఒక్క సాయంత్రం పని. అదే పెట్టెలో సూది, మిగిలిన దారం ఉండ లేబుల్‌తో సహా, ఒక చీటీ మీద దారం నంబరు, సూది సైజు, నమూనా అమెరికాదా బ్రిటిష్‌దా, ఎన్ని అయ్యాయి, ఇంకెన్ని అల్లాలనుకుంటున్నారు అన్నీ రాసి వేయండి. చీటీ పెన్సిలుతోనే రాయండి.